నికెల్ నడుమ రాగి

రెండు లోహాలు కలిపితే వాటి గుణాల సగటే కదా వచ్చేది? ఉత్ప్రేరకాల పాఠం మధ్యలో ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న ఇది. కాదని తేల్చిన ప్రయోగం ఒకటుంది. నాకు అదంటే ప్రాణం.

అమెరికాలో ఎక్సాన్ సంస్థ పరిశోధకుడు జాన్ సిన్‌ఫెల్ట్, ఆయన సహచరులు 1972లో నికెల్-రాగి మిశ్రమలోహం మీద రెండు చర్యల ఫలితాలు ప్రకటించారు. మొదటిది, హైడ్రోజన్‌తో ఈథేన్‌లోని కార్బన్ బంధాన్ని తెంచడం. రెండోది, సైక్లోహెక్సేన్ నుంచి హైడ్రోజన్ లాగేసి బెంజీన్ చేయడం. నికెల్ రెండూ చేస్తుంది. నూటికి ఐదు పాళ్లు రాగి కలపగానే మొదటి చర్య వేగం దాదాపు వెయ్యో వంతుకు పడిపోయింది. రెండోది పెద్దగా తగ్గలేదు!

ఐదు పాళ్లకే ఇంత ప్రభావమా? రాగికి ఉపరితల శక్తి తక్కువ. అందుకే అది లోపల ఉండక పైపొరకు చేరుతుంది. చర్య జరిగేదీ అక్కడే. ఈథేన్ బంధం తెగాలంటే ఆ అణువు కొన్ని హైడ్రోజన్లను వదిలి, పక్కపక్కనున్న అనేక నికెల్ పరమాణువులకు ఒకేసారి అతుక్కోవాలి. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని నలుగురు కలిసి పట్టినట్టన్నమాట. రాగి మధ్యలో దూరి ఆ జట్టును విడదీస్తుంది. సైక్లోహెక్సేన్‌కు అంత పెద్ద జట్టు అక్కర్లేదు.

మరో వింత చూడండి. రుథీనియం, రాగి పెద్ద ముద్దగా ఉంటే ఒకదానిలో ఒకటి కలవవు. నానోమీటర్ల కణాలుగా చేస్తే మాత్రం రాగి రుథీనియం ఉపరితలాన్ని అంటిపెట్టుకుంటుంది.

ఇలాంటి లోహాల జోడీలు పరిశ్రమలోనూ పనికొచ్చాయి. పెట్రోల్ ఆక్టేన్ పెంచే రిఫార్మింగ్ యూనిట్లలో ఉత్ప్రేరకమైన ప్లాటినం మీద మసి పేరుకుని పని మందగించేది. ఆ చిక్కు తీర్చడానికి షెవ్రాన్ ప్లాటినానికి రీనియం జోడించింది. ఎక్సాన్ ఇరిడియంతో పోటీకి దిగింది. ఆక్టేన్ కోసమే పెట్రోల్‌లో కలిపే సీసాన్ని మానేశాక ఈ యూనిట్ల అవసరం మరింత పెరిగింది. మన దేశం 2000లో సీసానికి స్వస్తి చెప్పింది.

2012లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాగి మీద పల్లాడియం పరమాణువులను విడివిడిగా కూర్చోబెట్టి, ఆ ఒంటరి పరమాణువులతోనే హైడ్రోజన్ అణువులను విడదీయించారు. ఖరీదైన లోహం చిటికెడు చాలు. ఏ పరమాణువు పక్కన ఏది ఉండాలో మనమే నిర్ణయించగలిగితే, అక్కర్లేని చర్యలకు చోటే దొరకదు.