పోదనూరులో శార్వరి ఉగాది

2020 మార్చి 25, శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనదీ ఆనాడే. ప్రయాణికుల రైళ్లు అంతకుముందే నిలిచిపోయాయి. పాలక్కాడు, ఈరోడు, పొల్లాచ్చి దారులు కలిసే పోదనూరు జంక్షనుకు పండుగ ప్రయాణికులే లేరు. వాలయారు సరిహద్దుకు అవతల కాపురమున్న ఆడపడుచులు పుట్టింటికి రాలేకపోయారు.

ఇంత దూరమెందుకని నొచ్చుకొన్న పెద్దలున్నారు. కారణముంది. కరోనా సోకినవారిలో లక్షణాలు కనబడకముందే అది ఇతరులకు అంటగలదు. వృద్ధులకు ప్రమాదం అధికం. మూసిన గదిలో కలిసి భుజించడం, పంచాంగ శ్రవణానికి గుంపుగా కూర్చోవడం, వంగి పాదాలకు మ్రొక్కడం వ్యాధికి దారులే. తాతగారి యెడల చూపే మర్యాదే ఆయనకు అపాయమైన కాలమది.

పచ్చడికి లోటు లేదు. వేపపూత వీధిచెట్టున దొరుకుతుంది. చింతపండు, బెల్లం, ఉప్పు ఇంట ఉండేవే. మామిడికాయ దొరకనివారు ఉన్నవాటితోనే కలుపుకొంటే తప్పేమీ లేదని నా అభిప్రాయం.

అసలు లోటు మాటది. తమిళ బడులలో చదివే మన పిల్లలలో పలువురికి తెలుగు చెవిన పడేది అవ్వ నోటనే. సంవత్సరం పేర్లు, రాశిఫలాలు, దీవెనలు ఆమె పలుకగా విననిదే వారికి అందవు. ఆ యేడు అవ్వ ఫోనులో దీవించిన ఇళ్లలో ఆ మాటలు నిలిచాయి. (శార్వరి అనగా రాత్రి, పేరు అలా కుదిరింది.)

మరుసటి ప్లవ ఉగాది 2021 ఏప్రిల్ 13న వచ్చేసరికి వ్యాధి రెండవ విడత మొదలైంది.