ఓడ నంబరే చిరునామా

చెరకు తోటలకు వెళ్ళిన కూలీల మునిమనవలు ఇప్పుడు మరణ రిజిస్టర్లు, ఓడల జాబితాలు తిరగేస్తున్నారు. మమకారంతో మొదలైన వెతుకులాట ఓసీఐ కార్డు దాకా వచ్చింది. తెలుగువారి విషయంలో మాత్రం దారి మరింత చిక్కు.

2012 జనవరిలో బీహార్‌లోని బక్సర్ జిల్లా భేలూపూర్ గ్రామానికి ఒక దేశ ప్రధాని వచ్చారు. ట్రినిడాడ్ అండ్ టొబాగో ప్రధాని కమలా పెర్సాద్ బిసెసర్. ఆమె ముత్తాత రామ్‌లఖన్ మిశ్రా 1889లో ఆ ఊరు విడిచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కారు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత మునిమనవరాలు ఆ మట్టి మీద నిలబడి భావోద్వేగానికి లోనయ్యారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2008లో, మారిషస్ ప్రధాని నవీన్ రామ్‌గులాం కూడా ఇలాగే భోజ్‌పూర్ జిల్లాలోని హరిగాఁవ్‌కు వచ్చారు. అది ఆయన తాత పుట్టిన ఊరు.

ప్రధానులకైతే వెతికిపెట్టడానికి రాయబార కార్యాలయాలు ఉంటాయి. మరి డర్బన్‌లోని బడిపంతులికో, పోర్ట్ లూయీలోని బస్సు డ్రైవర్‌కో? వాళ్ళకు దిక్కు మూడే: తాత ముత్తాతల మరణ నమోదు, ఇంట్లో మిగిలిన కాగితాలు, ఓడల జాబితాలో ఒక వరస.

మొన్నమొన్నటి దాకా ఇది మనసుకు సంబంధించిన వ్యవహారమే. ఇప్పుడు కాదు. విదేశాల్లోని భారత సంతతికి ఇచ్చే ఓసీఐ కార్డుకు మామూలు నిబంధనల ప్రకారం మునిమనవల తరం వరకే అర్హత. కానీ కూలీల వారసులు ఆ గీత ఎప్పుడో దాటేశారు. అందుకే 2023లో సూరినాంలో, 2024 మార్చిలో మారిషస్‌లో పర్యటించిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఈ హద్దును సూరినాం వారికి ఆరో తరం దాకా, మారిషస్ వారికి ఏడో తరం దాకా పెంచుతున్నట్లు ప్రకటించారు. 2025 జూలైలో ప్రధాని నరేంద్ర మోదీ ట్రినిడాడ్ వారికి కూడా ఆరో తరం దాకా అవకాశం ఇస్తామన్నారు. తలుపు తెరుచుకుంది. అయితే లోపలికి వెళ్ళాలంటే ఆరేడు తరాల గొలుసు తెగకుండా చూపాలి. ఆ గొలుసు చివరి కొస ఎక్కడో ఒక మరణ రిజిస్టర్‌లో ఉంటుంది.

చావు నుంచి వెనక్కి

వంశవృక్షం అనగానే మనం పైనుంచి కిందికి గీస్తాం. వెతికేవాళ్ళు మాత్రం కిందినుంచి పైకి వెళ్ళాలి. ముందు తన జనన పత్రం, తర్వాత తల్లిదండ్రుల పెళ్ళి పత్రం, తాత మరణ పత్రం, ఆయన తండ్రి మరణ పత్రం. సముద్రం దాటి వచ్చిన తొలి మనిషి మరణ నమోదు చేతికి దొరికితే సగం పని అయినట్టే. ఎందుకంటే ఆ నమోదులో చాలాసార్లు పేరు పక్కన ఒక నంబర్ ఉంటుంది. ఓడ దిగిన రోజున ప్రభుత్వం ఆ మనిషికి తగిలించిన నంబర్ అది. ఒకే పేరుతో పది మంది ఉండవచ్చు గానీ ఒకే నంబర్‌తో ఇద్దరుండరు.

శ్మశానం రికార్డులు కూడా అందుకే పనికొస్తాయి. హిందువులు దహనమే చేస్తారు గదా, సమాధులెక్కడివి అనే అనుమానం రావచ్చు. ఉత్తరాంధ్రలోనూ, తమిళ ప్రాంతంలోనూ పూడ్చిపెట్టే ఆచారమున్న కులాలు చాలా ఉన్నాయి. పైగా వలస దేశాల్లో చితి పేర్చడానికి అనుమతి అంత తేలిగ్గా రాలేదు. ట్రినిడాడ్‌లో హిందువుల దహనానికి చట్టబద్ధమైన దారి ఏర్పడింది 1953లోనే. ఆచారం ఏదైనా అంతకుముందు పోయినవారిలో అత్యధికులు మట్టిలోకే వెళ్ళారు. కూలీల గోతుల మీద రాళ్ళు నిలబెట్టే స్తోమత ఎందరికుంటుంది? సమాధి కనిపించకపోయినా పూడ్చిన తేదీ పుస్తకంలో దొరికితే చాలు, అక్కడినుంచి వెతుకులాట ముందుకు సాగుతుంది.

ఆ నంబర్ పట్టుకుని ఓడల జాబితా తెరిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నాటల్‌కు తొలి కూలీలతో మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటినుంచి 1911 దాకా అక్కడికి వెళ్ళింది 1,52,184 మంది. దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రాష్ట్రం వాళ్ళే. వాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక వరస ఉంది: నంబర్, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు. ఈ జాబితాలను తర్వాత కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించారు.

మారిషస్ సంగతి ఇంకో రకం. 1834 నవంబర్ 2న ‘అట్లాస్’ ఓడలో 36 మంది కూలీలు అక్కడ దిగారు. తర్వాతి దశాబ్దాల్లో వెళ్ళినవారు దాదాపు అయిదు లక్షల మంది. వాళ్ళు దిగిన పోర్ట్ లూయీ రేవు కట్టడాన్ని, అంటే ఆప్రవాసీ ఘాట్‌ను, యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రిజిస్టర్లు మాత్రం మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. 1867 కార్మిక చట్టం పుణ్యమా అని కూలీల ఫోటోలు కూడా మిగిలాయి. ముత్తాత ముఖం చూసుకునే భాగ్యం ఆ కాలపు పేద కుటుంబాల్లో ఇంకెవరికి దక్కింది?

పుణ్యం అనే మాట ఊరికే వాడింది. ఆ చట్టం ఉద్దేశం వేరు. ఒప్పందం ముగిసిన కూలీ కూడా ఫోటో అంటించిన టికెట్ లేకుండా రోడ్డు మీద కనిపిస్తే పట్టుకోవడానికి పెట్టిన నిబంధన అది. ఒంటి మీద మచ్చలు రాసుకున్నదీ పారిపోయినవాణ్ణి గుర్తుపట్టడానికే. ఎవరి కాళ్ళకు బంధం వేయడానికి ఆ పుస్తకాలు రాశారో వాళ్ళ వారసులకే ఇప్పుడవి ఆధారాలయ్యాయి.

తెలుగువారికి అదనపు తంటా

జాబితాలో ఊరి పేరుంది కదా, ఇంకేం అనుకుంటే పొరపాటు. తెలుగువారి విషయంలో అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

మొదటిది ఇంటిపేరు. మనిషిని గుర్తుపట్టడానికి తెలుగువాళ్ళకు ఉన్న గట్టి ఆనవాలు అదే. గుమాస్తా నింపే పట్టికలో దానికి గడే లేదు. పేరు, తండ్రి పేరు రాసి ఊరుకున్నాడు. దక్షిణాఫ్రికాలో ఎన్నో కుటుంబాలకు తండ్రి పేరో, తాత పేరో ఇంటిపేరుగా స్థిరపడింది. నాయుడు అనే గౌరవవాచకం నాయిడూగా మారి వేల కుటుంబాల ఇంటిపేరై కూర్చుంది. నాయిడూ అన్నంత మాత్రాన ఏ ఊరని వెతకగలం?

రెండోది రాత. తెలుగు పేరును తెలుగు రాని గుమాస్తా చెవితో విని ఇంగ్లీషులో రాశాడు. మారిషస్‌లో దానికి ఫ్రెంచి యాస తోడైంది. తెలుగువాళ్ళను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కినందుకు వచ్చిన పేరది. 1839 నవంబర్‌లో వచ్చిన పెనుతుపాను కోరంగిని దెబ్బతీసింది. రేవు క్షీణించినా పేరు మాత్రం సముద్రం అవతల బతికింది. ఓడ ఎక్కిన చోటు వేరు, పుట్టిన ఊరు వేరు. కోరంగి అని రాసి ఉంటే ఆ మనిషి సొంత ఊరు కోరంగి కావాలని లేదు.

మూడోది జిల్లా. జాబితాలో ‘వైజాగపటం’ అని ఉందనుకుందాం. ఆనాటి విశాఖపట్నం జిల్లా ఈనాటిది కాదు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు కోరాపుట్ అటు పోయింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం వేరుపడ్డాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు పుట్టాయి. ఇక ఊరి పేరు కొత్తవలసో, లక్ష్మీపురమో అయితే చెప్పేదేముంది! తాలూకా గడి ఖాళీగా ఉంటే ఏ కొత్తవలస అని తేల్చడం దేవుడి తరం కూడా కాదు.

అయితే గుమాస్తాకు తెలియకుండానే ఒక ఆధారం మిగిల్చాడు. మనిషి పేరే ఆ ఆధారం. అప్పడు, అప్పలస్వామి, సింహాద్రి అని ఉంటే ఆ కుటుంబం సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నదే. పైడయ్య, పైడితల్లి అని ఉంటే విజయనగరం వైపు చూడాలి. నూకయ్య అంటే అనకాపల్లి నుంచి గోదావరి దాకా నూకాలమ్మను కొలిచే ఊళ్ళు. పెంచలయ్య అయితే నెల్లూరు జిల్లా పెంచలకోన. ఇది రుజువు కాదు, కార్డు కోసం పెట్టుకునే దరఖాస్తుకు చాలదు. కానీ ఏ దిక్కున వెతకాలో చెబుతుంది. తెలుగు తెలిసినవాడు జాబితాను చూడటానికీ, తెలియనివాడు చూడటానికీ తేడా ఇదే.

రాతకెక్కినవారు, ఎక్కనివారు

జాబితాలో ఉండి ఒడ్డుకు చేరనివాళ్ళూ ఉన్నారు. దారిలో పోయినవారిని సముద్రంలోనే వదిలారు. 1856 జనవరిలో కలకత్తా నుంచి మారిషస్ వచ్చిన రెండు ఓడల్లో కలరా సోకిందని కూలీలను గేబ్రియల్ అనే చిన్న దీవిలో దింపేశారు. రెండు వందల మందికి పైగా అక్కడే చనిపోయారు. 1884 మేలో ఫిజీ తీరంలో ‘సిరియా’ ఓడ రాతిదిబ్బకు కొట్టుకుని పగిలి యాభై మందికి పైగా పోయారు. వీళ్ళ వంశాలు అక్కడ లేవు. ఇక్కడి అన్నదమ్ములకు కబురూ అందలేదు.

ఇక ఇటువైపు రికార్డుల సంగతి చూద్దాం. కంపెనీ కాలం నుంచీ మద్రాసు రాష్ట్రంలోని తెల్లవారి జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఖననాల వివరాలకు నకళ్ళు తీసి లండన్‌కు పంపేవారు. 1698 నుంచి 1948 దాకా ఆ పుస్తకాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సమాధుల మీది రాతలను జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి 1905లో పుస్తకంగా అచ్చువేయించాడు. గవర్నర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలో పూడ్చి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు. ప్రతి అడుగుకూ తేదీ ఉంది. అదే కలరాతో అదే సీమలో పోయిన రైతుల తేదీలు అడగండి, ఏ పుస్తకమూ చెప్పదు.

జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం వచ్చింది 1969లో. భూమి లెక్కలు పాతవే గానీ అవి భూమి ఉన్నవాడివి. పైగా ఉత్తర కోస్తాలో చాలా భాగం 1802 నుంచీ జమీందారీ. రైతువారీ సీమల్లో ప్రభుత్వం రైతు పేరు రాసుకుంటే ఇక్కడ శిస్తు లెక్క జమీందారు దివాణంలో ఉండేది. హరిద్వార్ పండాల వహీలు వంశాలకు నిధులే. కానీ ఊరూ కులమూ ముందే తెలిస్తేనే అవి తెరుచుకుంటాయి. తీర్థయాత్రకు వెళ్ళలేని కూలీ కుటుంబం వాటిలోకి ఎక్కదు.

అందుకే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1880లో విశాఖ పల్లెలో అన్నదమ్ములిద్దరు కూలీలు ఉన్నారనుకోండి. ఓడెక్కిన తమ్ముడికి వయసు, మచ్చ, ఊరు, చనిపోయిన తేదీ అన్నీ మిగిలాయి. ఊళ్ళోనే ఉండిపోయిన అన్న పుట్టినట్టు, పోయినట్టు ఒక్క కాగితం లేదు. బర్మాకు వెళ్ళినవారి పరిస్థితి కూడా అంతే. ఉత్తరాంధ్ర నుంచి ‘రంగం’ వెళ్ళినవారు మేస్త్రీల వెంట మామూలు ప్రయాణికుల్లా ఓడెక్కారు. వాళ్ళకు ఈ నంబర్ కూడా లేదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. 1942లో జపాన్ దాడికి వాళ్ళలో లక్షల మంది కాలినడకన తిరుగుదారి పట్టారు. దారిలో పడిపోయినవారిని పూడ్చిన చోటును ఎవరు రాశారు?

చేయదగిన పని

ఏడో తరం దాకా తలుపు తెరిచిన ప్రభుత్వం ఇంకో మెట్టు కూడా దిగాలి. మద్రాసు ప్రభుత్వపు పాత కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఓడల జాబితాలేమో డర్బన్‌లో, మోకాలో, ఫిజీలో. ఈ రెంటినీ కలిపి, ఆనాటి తాలూకా, ఊరి పేర్లకు ఈనాటి మండలం, గ్రామం చూపే పట్టిక ఒకటి తెలుగు విశ్వవిద్యాలయాలు తయారుచేయలేవా? ఉత్తరాది వరకు ఇలాంటి శ్రమ జరిగింది. ఫిజీకి వెళ్ళిన ఉత్తర భారతీయుల నలభై అయిదు వేల పాసులను చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఒక్కొక్కటిగా పరిశీలించి 1983లో పుస్తకం ప్రచురించారు. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ చేరిన దక్షిణాదివారు ఆ లెక్కలో లేరు.

ఆ పట్టిక వచ్చేలోగా వెతికేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. కాగితంలో లేని ఇంటిపేరు ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఇంకా ఉండవచ్చు. పెళ్ళిలో చెప్పిన గోత్రం, ఇలవేల్పు పేరు, పండగనాడు మాత్రమే చేసే ఒక వంట, ఏదైనా సరే రాసిపెట్టుకోవాలి. ఆర్కైవ్స్‌లోని కాగితం వందేళ్ళు ఆగుతుంది. ఎనభై దాటిన నాయనమ్మ ఆగదు.

ఇటువైపూ అంతే. ఓడెక్కి వెళ్ళి తిరిగిరాని ముత్తాత తమ్ముడి ప్రస్తావన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ ముసలాయన నోటనైనా వినిపిస్తే ఆ పేరు రాసుకోండి. ఏదో ఒక రోజున తెలుగు సరిగా రాని ఒక మనిషి చేతిలో జిరాక్సు కాగితం పట్టుకుని, ఆ ఊరి రచ్చబండ దగ్గర దిగి, అదే పేరు తప్పుగా పలకవచ్చు.