మీట నొక్కిన పిమ్మట

కీబోర్డుపైని మీటను నొక్కుటకును, తెరమీఁద అక్షరము తోఁచుటకును నడుమ జరుగు కార్యమును గుఱించి మనలోఁ బెక్కుమంది యాలోచింపరు. వ్రేలు కదలినది, అక్షరము వచ్చినది. అంతటితో విషయము ముగిసినదని తలఁతురు. కాని ప్రతి కీబోర్డునందును గోటియంత కంప్యూటరొకటి దాఁగియున్నది. దానికిఁ దన స్వంత కార్యక్రమము కలదు. ఆ కార్యక్రమమునే ఫర్మువేరందురు. దుకాణమునఁ గొన్న కీబోర్డులో దానిని చేసినవారే ఫర్మువేరును వ్రాసి మూసివేసి యుందురు. నేఁడు విద్యార్థులు సైతము ఆ చిన్న కంప్యూటరును గొని, తమకు వలసిన రీతిని ఫర్మువేరును నింపి, కీబోర్డును తామే కట్టుకొనుచున్నారు. అట్టి కీబోర్డులకు ఆర్మ్ జాతి మైక్రోకంట్రోలరును, రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమును ఎందులకు వాడుదురో ఈ వ్యాసమున వివరింపఁదలఁచితిమి.

మీట యనఁగా విద్యుత్తునకు వంతెన వంటిది. నొక్కినపుడు రెండు తీఁగెలు కలియును, విడిచినపుడు విడిపోవును. అఱువది మీటలకు వేఱు వేఱుగా తీఁగెలు వేయుదమన్నచో చిన్న చిప్పునకు అన్ని కాళ్లుండవు. అందుచేత మీటలను చదరంగపు గళ్లవలె అడ్డువరుసలుగను నిలువువరుసలుగను అమర్తురు. 5 అడ్డువరుసలును 12 నిలువువరుసలును ఉన్నచో 60 మీటలకు 17 తీఁగెలే చాలును. చిప్పు ఒక్కొక్క నిలువువరుసకు విద్యుత్తునిచ్చి, ఏ అడ్డువరుసలో నది బయల్పడునో చూచుకొనును. ఇందొక చిక్కు కలదు. దీర్ఘచతురస్రపు నాలుగు మూలలలో మూఁడింటనున్న మీటలను ఒక్కమాఱు నొక్కినచో, విద్యుత్తు చుట్టుత్రోవను బోయి, నొక్కని నాలుగవ మీటను గూడ నొక్కినట్లు కనఁబఱచును. ఇట్టిదానిని దయ్యపు మీట యందురు. ప్రతి మీటకును ఒక డయోడును తగిలించి, విద్యుత్తు ఒక్క దిక్కుననే పాఱునట్లు చేసినచో ఈ దయ్యము వదలిపోవును. డయోడు వెల స్వల్పము. దానిని మానుకొనుట పొదుపు కాదని మా యభిప్రాయము.

రెండవ చిక్కు సూక్ష్మమైనది. లోహపు రేకులు రెండు తాఁకునపుడు, నేలపైఁ బడిన గోలీవలె ఎగిరెగిరి తుదకు నిలుచును. మనకది యొక్క నొక్కుగాఁ దోఁచినను చిప్పునకుఁ బెక్కు నొక్కులుగాఁ గనఁబడును. కావున మీట స్థితి మాఱిన పిదప సుమారు 5 మిల్లీసెకండ్లు, అనఁగా సెకండులో రెండువందలవ భాగము, నిలుకడగా నున్నదా యని చూచి పిమ్మటనే లెక్కకుఁ దీసికొనవలెను. ఈ యెదురుచూపు మఱీ తక్కువైన ‘క’ కొట్టినచోట ‘కక’ పడును; మఱీ హెచ్చైన వేగముగాఁ గొట్టువాని అక్షరములు జాఱిపోవును.

ఇంతవరకుఁ జెప్పిన పనికి పెద్ద యంత్రము వలదు. ఏట్‌మెగా 32యూ4 అను 8 బిట్ల చిప్పు బహుకాలము దీనిని చక్కఁగా నిర్వహించినది. దాని గడియారము సెకండునకు 1 కోటి 60 లక్షల మాఱులు కొట్టును. కార్యక్రమమునకు 32 కిలోబైట్లు, తాత్కాలిక జ్ఞాపకమునకు రెండున్నర కిలోబైట్లు చోటు గలదు. అందలి కార్యక్రమము గానుగెద్దువలె ఒకే వలయమునఁ దిరుగును. మీటలను చూచును, మాఱినవానిని గుర్తించును, యూ.ఎస్.బీ. తీఁగె ద్వారా కంప్యూటరునకుఁ దెలుపును, మరల మీటలను చూచును. తీఁగెగల సామాన్యమైన కీబోర్డు చాలుననువారు నేఁటికిని ఈ గానుగతోఁ దృప్తిపడవచ్చును. వారికి ఆపరేటింగ్ సిస్టము ప్రక్కవీధికిఁ బోవుటకు రైలెక్కుట వంటిది.

తీఁగెను తొలఁగించి బ్లూటూత్ రేడియోతోఁ బంపఁదలఁచినపుడు సంగతి మాఱును. అప్పుడు ఆర్మ్ చిప్పులు అక్కఱకు వచ్చును. ఈ జాతి ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు ఏకార్న్ కంపెనీవారియొద్దఁ బుట్టినది. మొదటి చిప్పు 1985వ సంవత్సరము ఏప్రిలు నెలలో పనిచేసినది. 1990లో ఆర్మ్ ప్రత్యేక సంస్థ యయ్యెను. ఆ సంస్థ తన నమూనాలను పలు కంపెనీలకు ఒసఁగుటచే ఈ జాతి లోకమంతట వ్యాపించినది. నార్వే దేశపు నార్డిక్ సెమీకండక్టరువారి ఎన్.ఆర్.ఎఫ్. 52840 అను చిప్పు తీఁగెలేని కీబోర్డులు కట్టువారికి మిక్కిలి ఇష్టమైనది. అందు 32 బిట్ల కార్టెక్స్ ఎం4 కలదు; గడియారము సెకండునకు 6 కోట్ల 40 లక్షల మాఱులు కొట్టును; 1 మెగాబైటు శాశ్వత జ్ఞాపకము, 256 కిలోబైట్ల తాత్కాలిక జ్ఞాపకము కలవు; రేడియోయు అందే ఇమిడియున్నది.

అయితే రేడియోకు గడువులు కలవు. కీబోర్డును కంప్యూటరును 7.5 మిల్లీసెకండ్లకో 15 మిల్లీసెకండ్లకో ఒకమాఱు కలిసికొనునట్లు ముందుగనే ఒప్పందము చేసికొనును. ఆ క్షణమున రెండును మేల్కొని యుండవలెను. కీబోర్డు వరుసగాఁ బలుమాఱులు తప్పిపోయినచో సంబంధము తెగును. ఆ కాలముననే మీటలను చూడవలెను, బ్యాటరీయం దెంత మిగిలినదో కొలువవలెను, చిన్న తెర యున్నచో దానిపై బొమ్మ గీయవలెను. గానుగెద్దు తెర గీయుటలో మునిఁగియుండఁగా రేడియో గడువు దాఁటిపోవును. రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమునకుఁ బని యిచ్చటనే.

ఈ పేరు విని, ఇది అతివేగముగాఁ బనిచేయునదని చదువరులు భ్రమపడరాదు. వేగము వేఱు, వేళ తప్పకుండుట వేఱు. పనులన్నియు సగటున త్వరగా ముగియుట కాదు, గడువుగల పని ఆ గడువులోఁ దప్పక జరుగుటయే ఇచ్చటి లక్ష్యము. అందులకై పనులను పోగులుగా విభజించి ఒక్కొక్క పోగునకు ఒక అంతస్తు నిర్ణయింతురు. జెఫిర్ అను సిస్టమునందు అంకె తగ్గినకొలఁది అంతస్తు హెచ్చును. తరగతిలో మొదటి స్థానము వంటిదని మన పిల్లలు జ్ఞాపకముంచుకొనవచ్చును. హెచ్చు అంతస్తు పని సిద్ధమైన వెంటనే, తక్కువ అంతస్తు పనిని ఉన్నచోటనే నిలిపి దానికిఁ జోటిత్తురు. నిలిపిన పని పిదప విడిచినచోటి నుండియే సాగును. మీట నొక్కఁబడినపుడు ‘ఇంటరప్టు’ అను పిలుపు వచ్చును. పిలుపునకు బదులు పలుకుచు ఎక్కువసేపు నిలువరాదు. ఏ మీటయో గుర్తించి వరుసలోఁ బెట్టి తొలఁగవలెను. ఆ వరుసను మఱియొక పోగు తన వంతు వచ్చినపుడు పరిష్కరించును. పోస్టుమనిషి తెచ్చిన యుత్తరమును గడపయొద్ద నందుకొని, చదువుటను పిమ్మటకుఁ బెట్టుకొనుట వంటి దిది.

అంతస్తులు నిర్ణయించినంతనే అన్నియుఁ జక్కఁబడవు. 1997వ సంవత్సరము జూలై 4వ తేదీని కుజగ్రహముపై దిగిన పాత్‌ఫైండరు నౌకలోని కంప్యూటరు, కొన్ని దినములకే తనంతఁ దాను మాటిమాటికి మరల మొదలుకాసాగెను. అందలి రియల్ టైమ్ సిస్టము వీ.ఎక్స్.వర్క్స్. వాతావరణపు వివరములను సేకరించు తక్కువ అంతస్తు పని యొకటి ఉమ్మడి తాళపుచెవిని చేతఁబట్టుకొని యుండఁగా, నడిమి అంతస్తు పనులు దానిని ఆఁపివేసెను. ఆ తాళపుచెవికై కాచుకొనియున్న హెచ్చు అంతస్తు పనికి గడువు దాఁటెను. అది చూచి కావలి యేర్పాటు యంత్రమును మొదటికిఁ దెచ్చుచుండెను. తాళపుచెవి గలవానికి, కాచుకొన్నవాని అంతస్తును అప్పటికి అరువిచ్చు పద్ధతి యొకటి కలదు. భూమిమీఁది యింజనీర్లు కారణము కనిపెట్టి, ఆ పద్ధతి పనిచేయునట్లు ఇచ్చటినుండియే మార్పుఁ బంపి సరిచేసిరి. జెఫిరులోని తాళములకు ఈ పద్ధతి సహజముగనే కలదు.

బ్యాటరీ విషయమున మఱియొక లాభము కనఁబడును. గానుగెద్దునకు నిద్ర లేదు; ఎవరును వ్రాయకున్నను తిరుగుచునే యుండును. సిస్టమునకు తరువాతి పని యెప్పుడో ముందే తెలియును గనుక అంతవరకుఁ జిప్పును నిద్రపుచ్చును. జెడ్.ఎం.కే. అను ఫర్మువేరులో, ఏ మీటయు నొక్కఁబడనపుడు నిలువువరుసలన్నిటికి విద్యుత్తునిచ్చి, పిలుపు వచ్చుదాఁక మీటల పరీక్షను ఆఁపివేయుదురు. 30 సెకండ్లు గడచిన విశ్రాంతి. మనము కోరినచో 15 నిమిషములకు గాఢనిద్ర.

ఈ జెడ్.ఎం.కే. పుట్టుటకుఁ గారణము కొంత చట్టసంబంధమైనది. దానికిముందే క్యూ.ఎం.కే. అను ప్రసిద్ధమైన ఫర్మువేరు కలదు. ఆర్మ్ చిప్పులపై నది చీబీ ఓ.ఎస్. అను రియల్ టైమ్ సిస్టమును వాడుకొనును. దాని జీ.పీ.ఎల్. షరతు ప్రకారము, కలిపి పంచిన కార్యక్రమపు మూలము నెల్ల బయల్పఱుపవలెను. బ్లూటూత్ కార్యక్రమములలోఁ గొన్ని మూలము చూపనివి. ఈ రెంటికిఁ బొత్తు కుదురలేదు. 2016లో లినక్స్ ఫౌండేషను ప్రకటించిన జెఫిరునందు బ్లూటూత్ భాగము సైతము మూలముతోఁ గూడ లభించుచుండుటచే, 2020లో జెడ్.ఎం.కే.ని దానిపై నిర్మింప నారంభించిరి.

ఇంత శ్రమపడి సాధించున దేమని తల్లిదండ్రు లడుగవచ్చును. ఒక చేయి మాత్రమే పనిచేయువాఁడు షిఫ్టు మీటను అదిమియుంచి మఱియొక మీట నెట్లు కొట్టఁగలఁడు? షిఫ్టును ఒకమాఱు తట్టి విడిచినను తరువాతి అక్షరమునకు అది వర్తించునట్లు ఫర్మువేరులో వ్రాసికొనవచ్చును. అటులనే ఒకే మీటను తట్టిన అక్షరముగను, 200 మిల్లీసెకండ్లకు మించి అదిమిన షిఫ్టుగను ఏర్పఱుపవచ్చును. ఆ కాలమును తన వ్రేళ్ల శక్తిని బట్టి మార్చుకొనవచ్చును.

తెలుఁగు వ్రాయువారికిని ఉపయోగము కలదు. కీబోర్డునకు ‘క’ యను అక్షరము తెలియదు. అది పంపునది 14 అను అంకె మాత్రమే. ఆ యంకెను ‘క’గా మార్చునది కంప్యూటరులోని ఇన్‌స్క్రిప్ట్ అమరిక. ఆ యమరికలో ‘స్త్ర’ కొట్టవలెనన్న స, పొల్లు, త, పొల్లు, ర అని యైదు మీటలు నొక్కవలెను. అనఁగా 16, 7, 15, 7, 13. ఈ యైదింటిని ఒక్క మీటకుఁ గట్టిపెట్టవచ్చును. అయితే అన్నియు ఒక్కుమ్మడిఁ బంపినచో కొన్ని కంప్యూటర్లు అందుకొనలేవు గనుక, జెడ్.ఎం.కే. ఒక్కొక్కదానిని 30 మిల్లీసెకండ్లు నొక్కియుంచి, నడుమ 15 మిల్లీసెకండ్లు ఆఁగును. గానుగెద్దు ఇట్లు ఆఁగినచో ఆ సేపు మీటల పరీక్షయు ఆఁగును. అపుడు కొట్టిన గుణింతము పోవచ్చును. ఇచ్చట నట్లు కాదు. వేచియుండుటయు ఒక పనిగా వరుసలో నుండును, తక్కిన పనులు సాగుచునే యుండును.

ఫర్మువేరును నింపుట సులభము. పెక్కు బోర్డులలో రీసెట్ మీటను వెంటవెంటనే రెండుమాఱులు నొక్కినచో, కీబోర్డు కంప్యూటరున చిన్న డిస్కువలెఁ గనఁబడును. ఫైలును దానిపై నకలు చేయఁగా క్రొత్త కార్యక్రమము మొదలగును. మన కార్యక్రమమున తప్పున్నను ఈ ద్వారము చెడదు గనుక సరిచేసి మరల నింపవచ్చును. ఒక్క జాగ్రత్త మాత్రము చెప్పవలసియున్నది. ఇంటివారి రహస్యపదములు సైతము ఈ మీటల గుండనే పోవును. ఎవరో యిచ్చిన, మూలము కానరాని ఫైలును బిడ్డలు నింపకుండఁ బెద్దలు చూడవలెను. మూలము బహిరంగముగా నున్న ఫర్మువేరును తెచ్చుకొని, మీటల పట్టికను తాము వ్రాసి, ఫైలును తామే తయారుచేసికొనుట ఉన్నత తరగతుల విద్యార్థికిఁ గష్టమైన పని కాదు.