ముల్లు మాటయేమి?

ముల్లు వచ్చి అరిటాకుపై బడినను, అరిటాకు పోయి ముల్లుపై బడినను నష్టము అరిటాకునకే యని మన యిండ్లలో ఆడపిల్లలకు చెప్పుచుందురు. చెప్పువారికి దురుద్దేశము లేదు. బిడ్డ జాగ్రత్తగా నుండవలెనన్నదే వారి కోరిక. కాని యా సామెతలో ఒక లోటున్నది. చిరిగిన ఆకును గూర్చి చెప్పునేగాని, ముల్లును ఏరి పారవేయుటను గూర్చి అది ఒక్క మాటయు చెప్పదు. అంతర్జాలములో నేడు స్త్రీలను వేధించువారికి ఈ మౌనమే పెట్టని కోట యగుచున్నది.

పూర్వము బడిగోడపై ఎవడో ఆకతాయి బొగ్గుతో పిచ్చి వ్రాత వ్రాసినచో మరునాడు సున్నము పూసి చెరిపెడివారు. ఇప్పటి వ్రాత యట్టిది కాదు. ఒక బాలిక పేరుతో దొంగ ఖాతా తెరచుట, ఆమె ఛాయాచిత్రమును అసభ్యముగా మార్చుట, ఒకప్పుడు నమ్మి పంపిన చిత్రమును బయట పెట్టెదనని బెదరించుట, వలదన్నను రేయింబవళ్ళు సందేశములతో వెంటాడుట — ఇవి దాని రూపములు. ఒకచోట చెరిపినను, అప్పటికే దానిని దాచుకొన్నవారు మరియొకచోట మరల పెట్టుదురు.

ఇందుకు ప్రతిక్రియ యున్నదా? ఉన్నదని చెప్పుటకు చెన్నై నగరమున జరిగిన యొక కేసు చాలును.

2004వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఒక స్త్రీ అచ్చటి పోలీసులకు ఫిర్యాదు చేసెను. ఆమె వివాహము విడాకులతో ముగిసినది. కుటుంబమునకు పరిచయస్థుడైన యొకడు ఆమెను పెండ్లాడ గోరెను, ఆమె సమ్మతింపలేదు. అంతట నతడు ఆమె పేరుతో దొంగ ఈ-మెయిల్ ఖాతా తెరచి, యాహూ సందేశ సమూహములలో ఆమెను గూర్చి అశ్లీలమైన వ్రాతలు పెట్టెను. అవి చదివినవారు ఆమెను తప్పుగా తలచి ఫోను చేసి వేధింపసాగిరి.

పోలీసులు జాడ తీసి నిందితుని ముంబైలో పట్టుకొనిరి. విచారణలో అతని పక్షమున వచ్చిన వాదము గమనింపదగినది. ఆ వ్రాతలు ఆమె మాజీ భర్త వ్రాసియుండవచ్చునట. లేదా, నిందితుని ఇరికించుటకు ఆమెయే వ్రాసికొని యుండవచ్చునట! దెబ్బ తిన్న ఆకునే మరల తప్పు పట్టుట యిది. న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చెను. సైబర్ కేఫ్ యజమానుల సాక్ష్యమును, నిపుణుల సాక్ష్యమును, కంప్యూటరు ఆధారములను పరిశీలించి, 2004 నవంబరు 5వ తేదీన ఎగ్మూరు న్యాయస్థానము అతనిని దోషిగా నిర్ణయించెను. సమాచార సాంకేతిక చట్టము 67వ సెక్షను క్రింద 2 సంవత్సరముల కఠిన కారాగారమును, 4,000 రూపాయల జరిమానాను విధించెను. మన దేశమున ఆ సెక్షను క్రింద పడిన మొదటి శిక్షగా దీనిని చెప్పుదురు.

ప్రతి కేసు ఇంత త్వరగా తేలదు. అయినను ఇందు నేర్వదగిన దొకటి కలదు. ఆ స్త్రీ సిగ్గుపడి, నంబరు మార్చుకొని, మిన్నకుండినచో కేఫ్ యజమానిని అడుగువారే యుండెడివారు కారు. జాడ చెడకముందే ఆమె నోరు విప్పుటయే కేసునకు ప్రాణమైనది.

ఆ తరువాత చట్టము మరికొంత పదునెక్కినది. అనుమతి లేక ఒకరి ఆంతరంగిక శరీరభాగముల చిత్రము తీయుట గాని, పంపుట గాని 66ఇ సెక్షను ప్రకారము నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షనులో, స్త్రీ వలదన్నను వెంటాడుటయే కాక, ఆమె అంతర్జాల వ్యవహారములపై నిఘా వేయుటయు నేరముగా చెప్పబడినది. మొదటిసారి 3 సంవత్సరముల వరకును, మరల చేసినచో 5 సంవత్సరముల వరకును శిక్ష పడవచ్చును.

ఇచ్చట నొక హెచ్చరిక. 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినది. అందలి పదములు అస్పష్టములై, న్యాయమైన విమర్శను సైతము నేరముగా చేయగలవని కోర్టు భావించినది. ఒక స్త్రీ అభిప్రాయమును ఘాటుగా ఖండించుట వేరు. ఆమె దేహమును, శీలమును బజారున బెట్టుట వేరు. ఈ భేదము తరగతి గదిలో చెప్పదగిన పాఠము.

ఏడ్చుచు వచ్చిన బాలికతో ఉపాధ్యాయుడు ఏమనవలెను? "ఫోను నీకెందుకు?" అనుట తేలిక. ఇంటను ఆ మాటయే అందురు, ఫోను లాగికొందురు, కొన్నియెడల చదువే మాన్పింతురు. అది తెలిసియే పిల్ల చెప్పదు. ఆమె చెప్పదని తెలిసియే వాడు బెదరించును. "తప్పు నీది కాదమ్మా, చెప్పి మంచిపని చేసితివి" అన్న మాట మొదట రావలెను. పిదప, సందేశములను చెరపరాదు. ఖాతా పేరు, తేదీ, వేళ కనబడునట్లు స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరుపవలెను. బెదరించువానికి డబ్బు ఈయరాదు. ఇచ్చినకొలది వాడు మరల అడుగును. ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు చేయవచ్చును. 'అది మా పరిధి కాదు' అని త్రిప్పి పంపుట చట్టసమ్మతము కాదు. జాతీయ సైబర్ నేర ఫిర్యాదు పోర్టలు ద్వారమును తెరచియే యున్నది. తెలంగాణమున 2014 నుండి షీ టీములు పనిచేయుచున్నవి. బాధితురాలు 18 ఏండ్లు నిండని పిల్లయై, జరిగినది లైంగిక నేరమైనచో, పోలీసులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తప్పనిసరి. బడి పేరు చెడునని దాచుటయు నేరమే.

బాలురకు చెప్పవలసినదియు గలదు. "నేను తయారు చేయలేదు, వచ్చినది పంపితిని" అన్నది సమర్థనము కాదు. అశ్లీల చిత్రమును ఇతరులకు పంపుటయు చట్టమునకు నేరమే. తన ఫోనునకు వచ్చినదానిని ముందుకు పంపక, పంపినవానితో 'ఇది తప్పు' అని చెప్పగలిగిన కుర్రవాడు తరగతికి ఒక్కడున్నను మేలు. ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పుట మానవలసిన పనిలేదు. ఇంతకాలము మరచిన రెండవ సగమును మగపిల్లలకు చెప్పుట మొదలిడవలెను.