శతాబ్దిని దాటిన గోదావరి తీరపు శీతల పానీయం – ఆర్టోస్

రామగిరి: రామగుండం, గోదావరిఖని, రామగిరి బొగ్గు గనుల ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలకు చేరుట పరిపాటి. ఇక్కడి దుకాణాలలో బహుళజాతి సంస్థల పానీయాలే అధికంగా కానవస్తాయి. అయితే ఇదే గోదావరి దిగువన, డెల్టాలోని రామచంద్రాపురంలో జన్మించిన ఆర్టోస్ శతాబ్దిని పూర్తి చేసుకొనుట విశేషం.

రామచంద్రరాజు, జగన్నాథరాజు సోదరులు 1919లో ఈ సంస్థను నెలకొల్పారు. బ్రిటిష్ వారు వాడి వదలిన సోడా యంత్రంతో పని మొదలైనదని సంస్థ చరిత్రలో చెప్పుకుంటారు. తొలి ఉత్పత్తి గోలీ సోడా. ఈ సీసాకు 1872లో ఆంగ్లేయుడైన హైరమ్ కాడ్ పేటెంటు పొందారు. సీసాలోని వాయు పీడనమే గోలీని పైకి నెట్టి, మూతి వద్దనున్న రబ్బరు వలయానికి అదిమి ఉంచుతుంది. వేరే మూతతో పనిలేదు. గోలీని నొక్కగానే వెలువడే ఆ శబ్దం తెలియని తెలుగువారు అరుదు.

ఆర్టోస్ అనే పేరు 1955 నుండి వాడుకలోకి వచ్చినది. ద్రాక్ష, నారింజ, నిమ్మ రుచుల పానీయాలు, సోడా ప్రధాన ఉత్పత్తులు. వీటిలో ద్రాక్ష రుచికే ఆదరణ ఎక్కువ.

1977లో కోకాకోలా దేశాన్ని వీడగా స్వదేశీ పానీయాలకు అవకాశం లభించినది. 1990లో పెప్సీ ప్రవేశించినది. 1993లో తిరిగి వచ్చిన కోకాకోలా, పార్లే వారి థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్ బ్రాండ్లను కొనుగోలు చేసినది. ఆర్టోస్ మాత్రం నేటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉన్నది.

ఇట్టి సంస్థలు ప్రాంతీయంగానే మిగులుటకు గాజు సీసా కూడా ఒక కారణం. ఖాళీ సీసా తిరిగి కర్మాగారానికి చేరవలెను; దూరం పెరిగిన కొద్దీ రవాణా వ్యయం లాభాన్ని మింగివేయును. ప్లాస్టిక్ సీసా వచ్చిన పిదప ఈ అడ్డంకి కొంత తొలగినది.

పన్నుల విషయం పాత్రికేయులు, అధికారులు గమనించదగినది. చక్కెర లేదా రుచి కలిపిన సోడా పానీయాలపై 2017 జూలై నుండి 28 శాతం జీఎస్టీ, 12 శాతం సెస్సు ఉండెడివి. 2025 సెప్టెంబరు 22 నుండి ఇది 40 శాతం జీఎస్టీగా మారినది. భారం మాత్రం తగ్గలేదు. చిన్న వ్యాపారులకు వర్తించే కాంపోజిషన్ పథకం నుండి ఈ పానీయాల తయారీదారులను 2019 అక్టోబరులో మినహాయించారు. తత్ఫలితంగా నిమ్మ రుచి కలిపిన గోలీ సోడా నింపే చిన్న తయారీదారుకు, బహుళజాతి సంస్థకు పన్ను రేటు ఒక్కటే.