నాలుగు బైట్ల తాళము

ఒకే లెక్కను ఇద్దరు గుమాస్తాలు ఒక్కసారిగా దిద్దినచో అది చెడును గదా! నేటి కంప్యూటరులో అనేక ప్రాసెసర్లు ఏకకాలమున పనిచేయును. కావున ఆపరేటింగ్ సిస్టమునకు హృదయము వంటి కెర్నెలులో, పలువురు పంచుకొను సమాచారమునకు తాళము లుండును. స్పిన్ లాక్ అను తాళము కడ ప్రాసెసరు నిద్రించదు. ఖాళీ అయినదా యని మరల మరల చూచుచుండును.

2008లో లినక్సు కెర్నెలులో బ్యాంకు టోకెన్ల వంటి పద్ధతి వచ్చినది. ముందు వచ్చినవానికి ముందు. న్యాయమే, కాని అందరి చూపును ఒకే అంకె మీద. అది మారినప్పుడెల్ల, వేచియున్న ప్రతి ప్రాసెసరును తన క్యాషులోని నకలును విడిచి క్రొత్తది తెచ్చుకొనవలెను. పదిమంది తిరుగుదురు, ప్రవేశము ఒక్కరికే!

మెల్లర్-క్రమ్మీ, స్కాట్ అను శాస్త్రజ్ఞులు 1991లోనే ఉపాయము ప్రకటించి యుండిరి. ప్రతివాడును తన చీటీనే చూచుకొనును. ముందువాడు పోవుచు వెనుకవాని చీటీపై గుర్తు పెట్టును. అయితే తాళములో వరుస చివరి చీటీ చిరునామా ఉండవలెను. 64 బిట్ల యంత్రమున అది 8 బైట్లు. తాళమో, కెర్నెలులోని లెక్కకు మిక్కిలియైన నిర్మాణములలో ఇమిడియుండునది. 4 బైట్లు దాటరాదు.

ఈ చిక్కును 2015లో వెలువడిన 4.2 కూర్పు విప్పినది. ఒక తాళమునకై వేచియున్న ప్రాసెసరు, నడుమ అంతరాయము వచ్చిననే తప్ప, వేరొక తాళము కడ నిలువదు. అట్టి సందర్భములు ఒకదానిపై నొకటి పేరినను నాలుగే. తాళము దొరకగనే చీటీ ఖాళీ యగును. కనుక ప్రాసెసరుకు 4 చీటీలు చాలును. చిరునామాకు బదులు ఏ చీటీయో తెలుప 2 బిట్లు, ఏ ప్రాసెసరో తెలుప సాధారణముగా 14. మిగిలిన చోటు తాళపు స్థితికి. వేచియున్నవాడు ఒక్కడే యైనచో చీటీ కూడ అక్కరలేదు. 'తరువాత నేను' అను ఒక గుర్తుతో సరి.