వార్తల్లో పదం: అర్బన్ అపతీ

పోలింగ్ శాతం తగ్గినప్పుడల్లా పత్రికల్లో కనిపించే మాట ‘అర్బన్ అపతీ’. ఓటుండీ నగరవాసులు పోలింగ్ కేంద్రానికి వెళ్లకపోవడమే దీని అర్థం. ‘పైవారెవరూ కాదు’ అని నోటా నొక్కడం వేరు, అక్కడ కేంద్రానికి వెళ్తారు, వేలికి సిరా పడుతుంది.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోని ఉప్మాక గ్రామంలోనూ హైదరాబాద్‌లోనూ ఒకేరోజు పోలింగ్. ఆంధ్రప్రదేశ్ మొత్తమ్మీద 81 శాతం దాటింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం ఓట్లూ పడలేదు.

ఇదంతా బద్ధకమే అనలేం. ఇల్లు మారినా పాత చిరునామాలో పేరు ఉండిపోతే జాబితా ఉబ్బుతుంది, శాతం పడిపోతుంది. పేరు రెండుచోట్లా ఉన్నవారు బస్సెక్కి సొంతూళ్లో ఓటేసొచ్చినా నగరం లెక్కలో గైర్హాజరే.

ఓటర్లను రప్పించేందుకు ఎన్నికల సంఘం కొన్ని నగరాల్లో అపార్ట్‌మెంట్ల ఆవరణలోనే కేంద్రాలు పెట్టింది. ఇల్లు మారినవారు ఓటు మార్చుకోవాలంటే ఫారం-8 నింపాలి.